గాలిలో పడే బిందువు: ఒక గణిత పరిశీలన



మన కళాశాల మేడ మీదినుంచి ఒక పత్తి గింజను, దానితో సమానమైన బరువుగల దూది పింజను ఒకేసారి వదిలితే గింజ నేరుగా నేలను చేరుతుంది. పింజ ఊగుతూ, ప్రక్కకు జరుగుతూ, ఎప్పటికో దిగుతుంది. బరువులు సమానమే. అయినా ఈ తేడా ఎందుకు? గాలి లేనిచోట ఇది ఉండదని 1971లో అపోలో 15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ చంద్రునిపై నిరూపించాడు. అతడు ఒకేసారి జారవిడిచిన సుత్తి, ఈక ఒకేసారి నేలను తాకినవి. ‘వేగం = గురుత్వ త్వరణం × కాలం’ అని మనం చదివిన సూత్రం అట్టి శూన్యానికి చెందినది. మనం బ్రతికేది గాలిలో. ఆ గాలిని లెక్కలోకి తీసుకొనుట ఎట్లో ఈ వ్యాసంలో పరిశీలింతము.

ఇది పరీక్ష కొరకు మాత్రమే కాదు. మా విద్యార్థులలో పలువురు సెలవులలో పత్తి, మిరప చేలలో మందు పిచికారీ పనికి పోతుంటారు. సోమవారంనాడు ఎర్రబారిన కళ్ళతో, తలనొప్పితో తరగతికి వచ్చినవారిని మేము చూచినాము. నాజిల్ నుంచి వెలువడిన మందు బిందువు ఆకును చేరినదా, మనిషి ముఖాన్ని చేరినదా అన్న ప్రశ్నకు సమాధానం ఈ లెక్కలోనే ఉన్నది.

సమీకరణ నిర్మాణం

పడుతున్న వస్తువుపై రెండు బలాలు పనిచేస్తాయి: క్రిందికి లాగే బరువు, పైకి నెట్టే గాలి నిరోధం. బరువు మారదు, నిరోధం వేగంతోపాటు పెరుగుతుంది. అతి చిన్న బిందువులకు నిరోధం వేగానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ద్రవ్యరాశిని ‘ద్ర’, వేగాన్ని ‘వే’, గురుత్వ త్వరణాన్ని ‘గ’, కాలాన్ని ‘కా’, నిరోధ గుణకాన్ని ‘ని’ అని గుర్తించినచో, న్యూటన్ రెండవ నియమాన్ని అనుసరించి

ద్ర × (వేగం మారే రేటు) = ద్ర × గ − ని × వే

వేగం పెరిగేకొద్దీ కుడివైపు విలువ తగ్గి సున్నాను సమీపిస్తుంది. అప్పటి వేగమే చరమ వేగం. దానిని ‘చ’ అందాము.

చ = ద్ర × గ ÷ ని

దూది పింజ రహస్యం కూడా ఇదే. దాని బరువు గింజతో సమానం. గాలి నిరోధం అధికం. కనుక చరమ వేగం స్వల్పం. పై సమీకరణంలో చరరాశులను వేరుచేసి సమాకలనం చేయగా

వే = చ × [1 − ఇ^(−గ × కా ÷ చ)]

ఇక్కడ ‘ఇ’ అనగా సహజ సంవర్గమానాల ఆధారం, సుమారు 2.718. ‘చ ÷ గ’ అన్నది కాల స్థిరాంకం. అంత కాలం గడిచేసరికి బిందువు చరమ వేగంలో 63 శాతాన్ని, దానికి మూడు రెట్లు గడిచేసరికి 95 శాతాన్ని అందుకుంటుంది.

బిందువు పరిమాణం

గోళాకార బిందువుకు నిరోధ గుణకం ఎంతో 1851లో స్టోక్స్ కనుగొన్నాడు: ని = 3 × పై × గాలి స్నిగ్ధత × వ్యాసం. ద్రవ్యరాశి వ్యాసపు ఘనాన్ని అనుసరిస్తుంది. నిరోధం వ్యాసాన్ని అనుసరిస్తుంది. కనుక చరమ వేగం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది. వ్యాసం సగమైతే వేగం నాలుగవ వంతు. మన ప్రయోజనానికి ఇదే ముఖ్య ఫలితం.

మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. 100 మైక్రాన్ల నీటి బిందువుకు స్టోక్స్ సూత్రం సెకనుకు సుమారు 30 సెంటీమీటర్ల వేగాన్ని ఇస్తుంది. 50 మైక్రాన్ల బిందువుకు 7.5, 20 మైక్రాన్ల బిందువుకు 1.2 సెంటీమీటర్లు మాత్రమే. 100 మైక్రాన్ల బిందువుకు కాల స్థిరాంకం 0.03 సెకను. అనగా రెండు మూడు సెంటీమీటర్లు పడులోపే అది చరమ వేగానికి చేరువవుతుంది. కనుక ఎత్తును చరమ వేగంతో భాగిస్తే పడే కాలం వస్తుంది.

నాజిల్ బిందువును బలంగా విసురుతున్నది కదా అని అడగవచ్చు. సెకనుకు 15 మీటర్ల వేగంతో విసిరినా, నిశ్చలమైన గాలిలో 20 మైక్రాన్ల బిందువు ఆ వేగాన్ని రెండు సెంటీమీటర్లలోపే కోల్పోతుంది. ఆపైన అది గాలి చేతిలోనిదే.

నమూనాకు హద్దు

ఏ నమూనాకైనా హద్దు ఉంటుంది. 2 మిల్లీమీటర్ల వాన చినుకుకు ఇదే సూత్రాన్ని వాడితే సెకనుకు 120 మీటర్ల వేగం వస్తుంది. నిజానికి అది సెకనుకు సుమారు 6.5 మీటర్లే. పెద్ద బిందువు గాలిలో సుడులు రేపుతుంది. అప్పుడు నిరోధం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. 1687 నాటి ‘ప్రిన్సిపియా’ రెండవ భాగంలో న్యూటన్ ఈ రెండు విధాల నిరోధాన్నీ చర్చించాడు. 200 మైక్రాన్ల బిందువు విషయంలోనే స్టోక్స్ సూత్రం తప్పు చెప్పసాగుతుంది: లెక్కకు 1.2 మీటర్లు, కొలతకు సుమారు 0.7 మీటరు.

చేనిలో లెక్క

నాజిల్ ఆకుకు ఒక మీటరు ఎత్తున ఉన్నదనీ, గాలి సెకనుకు 2 మీటర్ల వేగంతో వీస్తున్నదనీ అనుకొందాము. 200 మైక్రాన్ల బిందువు సుమారు 3 మీటర్లు కొట్టుకొనిపోతుంది. 100 మైక్రాన్లది 7 మీటర్లు. 50 మైక్రాన్లది 27 మీటర్లు. 20 మైక్రాన్లది 160 మీటర్లకు పైగా. అది మన చేనిలో పడదు. పొరుగు చేనిలోనో, చెరువులోనో, ఊరిలోనో పడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో బిందువు ఆవిరై చిక్కిపోతుంది కనుక ఇంకా దూరం పోతుంది.

అయితే సన్నని బిందువులకు గుణమూ ఉన్నది. వ్యాసం సగమైతే ఒక బిందువు నుంచి ఎనిమిది వస్తాయి. ఆకులపై విరివిగా పరచుకొంటాయి. కానీ పొగమంచులా రావలెనని పంపు ఒత్తిడిని మితిమీరి పెంచితే మందు గాలిపాలవుతుంది. 1980 దశకంలో మన పత్తి చేలను తెల్లదోమ ముట్టడించినప్పుడు రైతులు అప్పుచేసి మందులు కొట్టినారు. 1987–88లో పలువురు అప్పుల బాధకు ప్రాణాలు తీసుకొన్నారు. 2021లో మిరపపై నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు మళ్ళీ పిచికారీలు పెరిగినవి. గాలి మోసుకొనిపోయిన ప్రతి బిందువూ రైతు అప్పులో భాగమే.

లెక్క నేర్పే జాగ్రత్తలు నాలుగు. నాజిల్‌ను పైరుకు దగ్గరగా ఉంచవలె. అవసరానికి మించిన ఒత్తిడి పెట్టరాదు. గాలి జోరుగా ఉన్నప్పుడు, ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు పని ఆపవలె. గాలి పోయే వైపు అంచున ప్రారంభించి, గాలికి అడ్డంగా సాళ్ళ వెంట నడుస్తూ, గాలి వచ్చే వైపుకు ఒక్కొక్క సాలూ జరగవలె. అప్పుడు మందు మేఘం మనిషిని విడిచి పోతుంది. ముఖానికి తుండుగుడ్డ ఒక్కటే చాలదు; తగిన మాస్కు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు ఉండవలె.

చివరగా ఒక అభ్యాసం. నేడు డ్రోన్లు కూడా మందు చల్లుతున్నవి. 3 మీటర్ల ఎత్తునుంచి పడే 50 మైక్రాన్ల బిందువు, సెకనుకు 3 మీటర్ల గాలిలో ఎంత దూరం పోతుంది? లెక్క కట్టినవారు సమాధానాన్ని తరగతిలోనే గాక ఇంటివద్ద కూడా చెప్పవలెనని మా కోరిక.