బండి వచ్చేలోపు

అత్యవసర వైద్యంలో పరిశోధన చేస్తామని వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది లెక్కలకి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ పని చేసిపెట్టేవాళ్లు వేరే ఉంటారు. రోడ్డు మీద, బండిలో, క్యాజువాలిటీ గుమ్మం దగ్గర జరిగేదాన్ని కాగితం మీదికి ఎలా తేవాలన్నది మాత్రం చెప్పగలను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైనప్పటి నుంచీ ఈ పని చూస్తూ, చేస్తూ, నేర్పుతూ వచ్చాను. అందులోంచి కొన్ని ముక్కలు ఇవి.

1. ముందు టైము గళ్లు చూడండి.

బండిలో రోగిని చూసుకునే ఈఎమ్‌టీ నింపే కాగితంలో కాల్ వచ్చింది ఎప్పుడు, బండి కదిలింది ఎప్పుడు, చేరింది ఎప్పుడు, ఆసుపత్రిలో దించింది ఎప్పుడు అని వరసగా గళ్లుంటాయి. మిగతా లెక్కల జోలికి పోకముందే ఆ నిమిషాల చివరి అంకెలు గమనించండి. నిజంగా గడియారం చూసి రాస్తే పదింట రెండే సున్నాతోనో అయిదుతోనో ముగుస్తాయి. సగానికి పైగా అలా ఉన్నాయంటే ఆ గళ్లు డ్యూటీ దిగాక టీ తాగుతూ నింపినవే. వాళ్లని తిట్టకండి. ఒక చేత్తో ఆక్సిజన్ మాస్కు, ఇంకో చేత్తో స్ట్రెచర్ పట్టుకున్న మనిషికి పెన్ను పట్టుకోడానికి మూడో చెయ్యి ఉండదు.

ఆ వరసలో అన్నిటికంటే ముందుండాల్సిన గడి, దెబ్బ తగిలిన టైము. ఇది చాలా కాగితాల్లో ఖాళీగానే ఉంటుంది. పొలం గట్టున ట్రాక్టర్ తిరగబడితే మొదటి ఫోను 108కి వెళ్లదు, మండల కేంద్రంలో ఉండే బావమరిదికి వెళుతుంది. తర్వాత ఊళ్లో ఆర్‌ఎంపీ వస్తాడు, ఒక ఇంజెక్షన్ వేస్తాడు, టౌనుకి తీసుకుపొమ్మంటాడు. అప్పుడు 108. మన నివేదికలో మాత్రం కాల్ అందిన ఇరవై నిమిషాల్లో బండి చేరింది, అంతా భేష్. అంతకు ముందు పోయిన గంట ఎవరి ఖాతాలోనూ లేదు.

సగటు ఒక్కటే చూపించి ఊరుకోకండి. నూరుమందిని వరసలో నిలబెట్టి తొంభయ్యో మనిషి దగ్గరికి బండి ఎంతసేపటికి చేరిందో చెప్పండి. ఆ తొంభయ్యోవాడు సాధారణంగా ఏజెన్సీలో ఉంటాడు.

గుండె ఆగిన కేసుల్లో ఒకప్పుడు ఊరికో లెక్క ఉండేది. ఎవరిని లెక్కలో కలపాలి, ఎవరు బతికినట్టు అన్నదే తేలక ఒక నగరాన్ని ఇంకోదాంతో పోల్చడం కుదిరేది కాదు. 1990లో నార్వేలోని ఉట్‌స్టైన్ అనే పాత మఠంలో నిపుణులు కూర్చుని అన్ని గళ్లకీ ఒకే అర్థం ఉండాలని మొదలుపెట్టారు. ఏ మందూ కనిపెట్టని సమావేశం అది. అయినా ఈ రంగంలో నేను అన్నిటికంటే గౌరవించే పని అదే.

2. గోల్డెన్ అవర్ అని పోస్టర్ వేయించే ముందు కాస్త ఆగండి.

దెబ్బ తగిలిన గంటలోపు వైద్యం అందాలని చెప్పే ఆ మాటని ప్రచారంలోకి తెచ్చింది బాల్టిమోర్ సర్జన్ ఆర్. ఆడమ్స్ కౌలీ. దాని వల్ల మంచే జరిగింది. ప్రభుత్వాలు డబ్బులిచ్చాయి, బండ్లు కొన్నారు. 2001లో లెర్నర్, మోస్కాటీ అనే ఇద్దరు ఆ అరవై నిమిషాల హద్దుకి మూలం ఎక్కడుందా అని పాత పత్రాలన్నీ తిరగేస్తే గట్టి ఆధారం దొరకలేదు. ఆలస్యమైనా ఫరవాలేదని దీనర్థం కాదు. ఊపిరి దారి మూసుకుపోయినవాడికి గంట ఎందుకు, అయిదు నిమిషాలు కూడా ఎక్కువే. మణికట్టు విరిగినవాడు పూట ఆగినా ప్రాణానికి ఢోకా లేదు.

కాలం విలువ లెక్కకట్టి చూపించిన పని క్రాష్-2 అనే పరీక్ష. 2010లో వచ్చింది. 40 దేశాలు, మన దేశం కూడా అందులో ఉంది, 20,211 మంది క్షతగాత్రులు. రక్తం గడ్డకట్టి నిలిచేలా చేసే ట్రనెక్సామిక్ యాసిడ్ అనే చవక మందుని మొదటి గంటలో ఇస్తే బాగా పనిచేసింది, మూడు గంటల్లోపు ఇచ్చినా మేలే. మూడు గంటలు దాటాక ఇస్తే రక్తస్రావంతో చనిపోయేవాళ్లు పెరిగారు. ఒకే మందు, ఒకే మోతాదు. ఇప్పుడు ఆ ఖాళీ గడి సంగతి మళ్లీ ఆలోచించండి. దెబ్బ ఎప్పుడు తగిలిందో తెలియకపోతే ఈ మందు ఇవ్వాలా వద్దా అన్నదే తెలియదు.

3. చూడగానే సబబనిపించే చికిత్సని ఎక్కువ అనుమానించండి.

తలకి దెబ్బ తగిలితే మెదడు వాస్తుంది, స్టెరాయిడ్ వాపు తగ్గిస్తుంది, కాబట్టి స్టెరాయిడ్ ఇవ్వాలి. ఇంత చక్కటి తర్కాన్ని ఎవరు కాదంటారు? దశాబ్దాల పాటు ఇచ్చారు. 10,008 మంది మీద చేసిన మొదటి క్రాష్ పరీక్ష 2004లో బయటికొచ్చింది. రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో నూటికి 21 మంది, తీసుకోనివాళ్లలో 18 మంది. ఆ మూడు అనే తేడాని ప్రపంచంలో తల పగిలినవాళ్లందరితో గుణించి చూడండి.

వెన్నెముక విరిగిందేమోనన్న అనుమానంతో మనిషిని గట్టి చెక్కకి కట్టేయడం ఇంకోటి. 1998లో హౌస్‌వాల్డ్ బృందం అమెరికాలోని న్యూ మెక్సికోలో అలా కట్టి తెచ్చినవాళ్లనీ, మలేసియాలో కట్టకుండానే తెచ్చినవాళ్లనీ పోల్చింది. కట్టకుండా వచ్చినవాళ్లకే నరాల నష్టం తక్కువ. పాత రికార్డులు తిరగేసి చేసిన పని, రెండు దేశాల పరిస్థితులూ వేరు, దీంతోనే తీర్పు చెప్పేయలేం. కానీ ఆ ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి. అప్పటికే చెక్కలు ప్రతి బండిలోనూ ఉన్నాయి మరి.

మూడోది సెలైన్. రక్తం పోతున్న మనిషికి బాటిల్ ఎక్కించకపోతే మన దగ్గర బంధువులు బండి అద్దాలు పగలగొడతారు. హ్యూస్టన్‌లో బికెల్, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన పరీక్షలో ఛాతీకో పొట్టకో కత్తిపోటో తుపాకి గుండో తగిలిన 598 మందిని తీసుకున్నారు. ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా సెలైన్ ఆపినవాళ్లలో నూటికి 70 మంది బతికారు, దారిలోనే ఎక్కించినవాళ్లలో 62 మంది. ఒత్తిడి పెరిగేకొద్దీ అప్పుడే కడుతున్న రక్తపు గడ్డ ఊడిపోతుంది, పలచబడ్డ రక్తం మళ్లీ త్వరగా గడ్డకట్టదు. అయితే అది పెద్ద నగరం, ఆపరేషన్ థియేటర్ కూతవేటు దూరం, గాయాలు కూడా ఒకే రకం. ఆ ఫలితాన్ని తీసుకొచ్చి ఉట్నూరు అవతల లారీ గుద్దిన మనిషికి అంటగట్టకండి. అక్కడ దారే గంటలు పడుతుంది. దానికి ఇక్కడి పరీక్షే కావాలి, ఆ పరీక్ష చేయాల్సింది మీరే.

4. పక్కన నిలబడ్డ మనిషిని లెక్కలోకి తీసుకోండి.

ఉత్తర ఇరాక్‌లో, కంబోడియాలో మందుపాతరల మీద కాలేసిన పల్లెవాళ్ల దగ్గరికి అంబులెన్సు వచ్చే ప్రశ్నే లేదు. హాన్స్ హుసుమ్ అనే నార్వే సర్జన్, ఆయన బృందం ఊళ్లోవాళ్లకే ప్రథమ చికిత్స నేర్పారు, వాళ్లకి పైన స్థానిక ఆరోగ్య కార్యకర్తలకి ఇంకాస్త లోతుగా నేర్పారు. 1997 నుంచి 2001 దాకా సాగిన పనిలో మరణాలు నూటికి 40 నుంచి 15కి దిగాయి. హెలికాప్టర్లు లేవు, పెద్ద యంత్రాలు లేవు.

మన దగ్గర చేతులకేం కొదవ లేదు, భయం అడ్డం. పోలీసు కేసు, సాక్ష్యం, కోర్టు వాయిదాలు. గాయపడ్డవాడు వస్తే కాగితాలతో పనిలేకుండా ముందు వైద్యం చేయాలని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. సాయం చేసినవాళ్లని వేధించకూడదన్న మార్గదర్శకాలకి 2016లో ఆమోదముద్ర వేసింది. 2019లో అందుకోసం మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షనే చేర్చారు. ఈ చట్టం తెలుసా అని సర్వేలో అడిగితే తెలుసనే అంటారు. అది అడగకండి. కిందటిసారి ప్రమాదం చూసినప్పుడు ఆగారా, ఆగితే చెయ్యి వేశారా, ఫోనులో వీడియో తీశారా, అది అడగండి.

5. గర్భిణుల్ని పక్కన పెట్టకండి.

ట్రామా చదివినవాళ్లకి రక్తం, విరిగిన ఎముకలే కనపడతాయి. 108కి వచ్చే కాల్స్‌లో అన్నిటికంటే పెద్ద వాటా పురుడు, గర్భానికి సంబంధించినవే. పాడేరు వైపు బండి ఎక్కేముందు డోలీలో మోసుకొచ్చే దూరం ఉంటుంది. ఆ దూరానికి మన కాగితంలో గడి లేదు.

6. పెద్ద విపత్తులో జనం మీ ప్లాను ప్రకారం నడవరు.

పుస్తకంలో బండ్లు వెళతాయి, రంగు చీటీలు కడతారు, ఎర్రచీటీవాళ్లని ముందు పంపుతారు. జరిగేది వేరు. నడవగలిగినవాళ్లు తమంతట తామే దగ్గర్లోని ఆసుపత్రికి పరిగెడతారు, అది నిండిపోయాక అసలు ప్రాణాపాయంలో ఉన్నవాళ్లు వస్తారు. 1995 మార్చి 20న టోక్యో మెట్రోలో సారిన్ అనే విషవాయువు వదిలిన రోజు ఒక్క సెయింట్ లూక్స్ ఆసుపత్రికే 640 మంది వచ్చారు, ఎక్కువమంది అంబులెన్సు ఎక్కకుండానే. వాళ్ల బట్టల్లోంచి లేచిన ఆవిరికి వైద్య సిబ్బందీ జబ్బుపడ్డారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్మేసినప్పుడూ పడిపోయినవాళ్లని దొరికిన బండి మీదల్లా వేసుకుని పరిగెత్తారు. కాబట్టి బట్టలు విప్పించి నీళ్లతో కడిగే ఏర్పాటు ఆసుపత్రి గేటు దగ్గరే ఉండాలి. ప్రమాద స్థలంలో మాత్రమే ఉంటే చాలదు.

ఇంకో మాట. హుద్‌హుద్ తుఫాను విశాఖని తాకిన 2014 అక్టోబరు 12న ఫోన్లు మూగబోయాయి. ఫోను పలకని ఊళ్లో 108 నంబరు ఎందుకూ పనికిరాదు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన పదివేలమందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. అలాంటి చోట ఆసుపత్రికి ముందు జరగాల్సిన వైద్యమల్లా జనాన్ని ముందురోజే ఖాళీ చేయించడం. తుఫాను షెల్టర్ గురించి రాసే పత్రం కూడా మన పత్రమే.

7. పైలట్‌ని, అంటే బండి నడిపే డ్రైవర్‌ని అడగండి. ఏ ఆసుపత్రి రాత్రి రెండింటికి గేటు తీస్తుందో ఆయనకి తెలుసు.

8. దించేశాక ఏమైందో కనుక్కోండి.

ఆసుపత్రిలో దించామన్న చోట మన కాగితం ఆగిపోతుంది. అక్కడ ఆగిన అధ్యయనం దేనికీ పనికిరాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, 108ని మొదలుపెట్టిన ఈఎమ్‌ఆర్‌ఐ సంస్థ కలిసి నెలలు నిండుతున్న గర్భిణుల మీద చేసిన పనిలో 42 రోజుల దాకా ఫోన్లు చేసి తల్లీబిడ్డల సంగతి కనుక్కున్నారు. అలా చేయాలి. బండి చేరేలోపే పోయినవాళ్లు మీ పట్టికలో ఉండరు. వాళ్ల కోసం పోస్టుమార్టం రిజిస్టరుకీ, పోలీసు స్టేషనుకీ వెళ్లాలి.

బడ్జెట్ రాసేటప్పుడు ఫోన్లు చేసే మనిషికి జీతం రాయండి, లేకపోతే ఆ పని ఎవరూ చేయరు. నంబర్లు రెండు తీసుకోండి. ప్రమాదంలో మొదట పగిలేది పేషెంటు ఫోనే, అందుకని రెండోది పక్కింటివాళ్లదో మేనమామదో అయితే మంచిది. పొద్దున చేస్తే ఎత్తరు, కూలికి వెళ్లి ఉంటారు. రాత్రి ఏడు దాటాక చేయండి. ఎత్తినవాళ్లు ముందు ఆసుపత్రి బిల్లు గురించే అనుకుని భయపడతారు, అందుకని డబ్బు సంగతి కాదని మొదటి వాక్యంలోనే చెప్పండి.