హెపటైటిస్ సూదులు – థైరాయిడ్ పరీక్ష

హెపటైటిస్ సి రోగులకు ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ సూదులు 24 లేక 48 వారాలు వేసేవారు. ఆ మందు రేపిన రోగనిరోధక శక్తి కొందరిలో సొంత థైరాయిడ్ గ్రంథి మీదికే తిరుగుతుంది. స్త్రీలలో ఇది ఎక్కువ. నీరసం, చలి, మలబద్ధకం కనబడితే "సూది వలననే" అని ఊరుకుంటారు. సూదికీ నీరసం వస్తుంది గనుక, టి.ఎస్.హెచ్. రక్తపరీక్ష లేనిదే తేడా మాకూ తెలియదు. గుండెదడ, చేతుల వణుకు ఉన్నా చెప్పండి. మన దేశంలో 2015 నుండి దొరుకుతున్న సోఫోస్‌బువిర్ మాత్రలతో సాధారణంగా ఈ బాధ లేదు. అయితే హెపటైటిస్ బి, డి రోగులలో కొందరికి ఆ సూదులు ఇంకా వాడుతున్నారు. అట్టివారు మొదలుపెట్టకముందు ఒకసారి, తరువాత మూడు నెలలకొకసారి పరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్ తగ్గితే పరగడుపున వేసుకొనే థైరాక్సిన్ మాత్ర ఇస్తాము. మీ అంతట మీరు సూదులు మానవద్దు.