పోటీ పరీక్షల ప్రత్యేకం: నల్లగొండ ఫ్లోరోసిస్, లోహాలు, ప్రొటీన్లు

ఫ్లోరిన్ లోహం కాదు, హాలోజన్. పరమాణు సంఖ్య 9. నల్లగొండ, పాలమూరు గ్రానైట్ శిలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి చేరుతుంది. తాగునీటిలో అనుమతించే గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మి.గ్రా. దేశంలో ఫ్లోరోసిస్ తొలిసారి నమోదైంది 1937లో, నెల్లూరు ప్రాంతంలో (నల్లగొండ అని రాయొద్దు).

ఎముక = కొల్లాజెన్ ప్రొటీన్ + కాల్షియం ఖనిజమైన హైడ్రాక్సీ అపటైట్. అందులోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఫ్లోరైడ్ ఆక్రమిస్తే ఫ్లోర్ అపటైట్. ఇలా ఎముకల ఫ్లోరోసిస్ వచ్చి వంగిన వెన్ను మళ్లీ నిటారు కాదు. సురక్షిత నీరే నివారణ.

తరచూ అడిగేది: నీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించే నల్లగొండ టెక్నిక్. రూపకర్త నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ. వాడేవి సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్. ఫ్లోరైడ్‌ను పట్టి అడుగుకు దించేది పటికలోని అల్యూమినియం. బ్లీచింగ్ పౌడర్ పని క్రిమిసంహారమే. ఆప్షన్లలో ఈ రెండింటినీ తారుమారు చేస్తారు, జాగ్రత్త.

ఎనోలేజ్: కణాలు గ్లూకోజ్‌ను విచ్ఛిన్నం చేసే క్రమంలో మెగ్నీషియంతో పనిచేసే ఎంజైమ్. ఫ్లోరైడ్ దీన్ని అడ్డుకుంటుంది. అందుకే సేకరించిన రక్తంలో గ్లూకోజ్ తగ్గకుండా, గ్లూకోజ్ పరీక్షకు రక్తం తీసే గొట్టంలో సోడియం ఫ్లోరైడ్ కలుపుతారు.

జతపరచండి (ప్రొటీన్–లోహం): హిమోగ్లోబిన్–ఇనుము (4 పరమాణువులు), హిమోసయనిన్–రాగి, కార్బానిక్ అన్‌హైడ్రేజ్–జింక్, నైట్రోజినేజ్–మాలిబ్డినం, ఇనుము.

సురక్షిత తాగునీటి పథకం మిషన్ భగీరథ ప్రారంభం: 2016 ఆగస్టు 7, గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండ.