హలాల్ లోన్ యాప్ గురించి సలీంకు

చిరంజీవి సలీంకు,



నీ మెసేజ్ చూశాను. సెల్‌ఫోన్ రిపేరు షాపులోకి సామాను కొనడానికి లక్ష రూపాయలు కావాలనీ, వడ్డీ అప్పు ఇష్టంలేక 'హలాల్ లోన్' యాప్ చూస్తున్నాననీ రాశావు. వడ్డీ జోలికి పోకూడదన్న నీ పట్టుదల నాకు చాలా నచ్చింది. జీతం లేదు, తాకట్టుకు ఆస్తి లేదు, ఇదివరకు అప్పు తీసుకుని తీర్చిన లెక్క లేదు. అలాంటివాళ్లను బ్యాంకులు తేలిగ్గా కూర్చోబెట్టి మాట్లాడవు. యాప్ మీద ఆశ పుట్టడంలో వింత లేదు.

కానీ ఆ 'హలాల్' అన్న మాటకు పూచీ ఎవరిదో చూడాలి. మలేషియాలో ఇస్లామిక్ బ్యాంకులకు 1983లోనే చట్టం వచ్చింది. ఇండోనేషియాలో ఆన్‌లైన్ ఫైనాన్స్ ఎలా ఉండాలో ఉలేమా మండలి 2018లో ఫత్వా ఇచ్చింది. మన దేశంలో అలాంటి ఏర్పాటు లేదు. ఇస్లామిక్ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లడం లేదని రిజర్వు బ్యాంకు 2017లో తేల్చేసింది. యాప్ మీద 'హలాల్' అని ఎవరైనా రాసుకోవచ్చు, దానికి పూచీ పడే అధికారిక సంస్థ లేదు.

అందుకని పేరు వదిలేసి వ్యవహారం చూడు. వడ్డీ లేకుండా సామాను సమకూర్చే పద్ధతిని మురాబహా అంటారు. అందులో సామాను ముందు డబ్బు పెట్టేవాళ్లు కొనాలి. అది వాళ్ల సొత్తయ్యాక, కొన్న ధర ఎంతో, తమ లాభం ఎంతో విప్పి చెప్పి, నీకు వాయిదాల మీద అమ్మాలి. ఒకసారి కుదిరిన ధర నువ్వు ఆలస్యం చేసినా పెరగకూడదు. జరిమానా వేసినా అది దానానికే పోవాలి. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో సామాను ఊసే లేదు. డబ్బు నీ ఖాతాలో వేస్తారట, 'సర్వీస్ చార్జి' నెలనెలా శాతం లెక్కన తీసుకుంటారట. అది వడ్డీయే, బేటా.

పైగా అది నీ కాంటాక్టులు చూడటానికి అనుమతి అడుగుతోంది. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనల ప్రకారం అది కుదరదు. అప్పిచ్చేది ఏ బ్యాంకో, ఏ ఫైనాన్స్ కంపెనీయో, అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ముందే చెప్పాలి. 2020 చివర్లో తెలంగాణలో యాప్ అప్పుల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ యాప్‌లవాళ్లు ఫోన్‌లో ఉన్న చుట్టాలకూ స్నేహితులకూ మెసేజులు పెట్టి పరువు తీశారు. బెంగళూరులో హలాల్ పెట్టుబడి పేరు చెప్పుకున్న ఐఎంఏ అనే కంపెనీ 2019లో కూలిపోతే వేలమంది నమాజీల కష్టార్జితం పోయింది. దీన్ పేరు చెప్పి అడిగితే మనం లెక్కలు అడగం. ఆ మొహమాటం వదులుకో.

వేరే దారులున్నాయి. సహులత్ అనే సంస్థ అండతో నడిచే వడ్డీలేని సహకార సంఘాలున్నాయి. ఇంట్లో ఎవరి దగ్గరైనా బంగారం ఉంటే, హైదరాబాద్‌లో దాన్ని కుదువ పెట్టుకుని వడ్డీ లేకుండా ఇచ్చే బైతుల్ మాల్ ఉంది. అన్నిటికంటే ముందు జగదీశ్ మార్కెట్‌లో నీకు తెలిసిన హోల్‌సేల్ వ్యాపారిని కలువు. కాస్త ఎక్కువ ధరకైనా సామాను వాయిదాల మీద ఇమ్మని అడుగు. ధర, గడువు ముందే కాగితం మీద రాసుకుంటే ఆ బేరానికి చాలామంది ఉలేమా ఒప్పుకుంటారు. లక్ష రూపాయల సామాను ఒక్కసారే అక్కర్లేదు, స్క్రీన్లు, బ్యాటరీలతో మొదలుపెట్టు.

ఎవరితో ఒప్పందం కుదిరినా ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు. నేను చదివి చెప్పేదాకా సంతకం పెట్టకు, ఓటీపీ చెప్పకు.

దువాలతో,
మీ మామూ