తెలుగు మీదుగా స్పానిష్‌కు

అనంతపురం

చి. సాహితికి,

"సలమాంకా వచ్చి రెండు నెలలైంది అత్తా, స్పానిష్ హైదరాబాదులో ఎంత వచ్చో ఇప్పుడూ అంతే" అని ఆదివారం నువ్వన్నప్పటినుంచి నా మనసు నీ దగ్గరే ఉంది. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి మరిచిపోతావని జాబు రాస్తున్నా.

ముందు నీ ఇంటి సంగతి. ఒకే ఫ్లాట్‌లో మనదేశపు పిల్లలు నలుగురు. వంటింట్లో తెలుగూ హిందీ, బయట ఇంగ్లీషు. తరగతిలో విన్న స్పానిష్ ఇల్లు చేరేలోపే ఆరిపోతోంది. వాళ్లతో స్నేహం మానమనను, ఇల్లు మాత్రం మారు. గది ఇచ్చి భోజనం పెట్టే కుటుంబాలు సలమాంకాలో ఉంటాయి, భాషకోసం వచ్చేవాళ్లు ఆ ఊరికి కొత్త కాదు. అక్కడి విశ్వవిద్యాలయం 1218 నాటిది. నెబ్రిహా రాసిన స్పానిష్ వ్యాకరణం 1492లో ఆ ఊళ్లోనే అచ్చయింది. అలాంటి చోటికి వెళ్లి ఇంగ్లీషు మాట్లాడుకుని తిరిగొస్తావేమోనని నాకు దిగులుగా ఉంది.

ఆ దిగులుకు కారణముంది. విసెంతె ఫెర్రర్ 1969లో మన జిల్లాకు వచ్చి పెట్టిన సంస్థ ద్వారా స్పెయిన్‌లోని వాళ్లు ఇక్కడి పిల్లల చదువుకు సాయం చేస్తారు కదా. వాళ్లూ పిల్లలూ రాసుకునే ఉత్తరాలను ఇటు తెలుగులోకీ అటు స్పానిష్‌లోకీ మార్చే పని నేను ఏళ్ల తరబడి చేశాను. సరగోసాకు చెందిన ఒకావిడ మన ఊరి పిల్లకు రాసిన ఉత్తరాలన్నీ పదకొండేళ్లు నేనే చదివి చెప్పాను. 1998లో మూడు వారాలు ఆ దేశం వెళ్లినప్పుడు ఆమె ఇంటికి పోయాను. పిల్ల ఎలా ఉంది, వాళ్లమ్మ మోకాలి నొప్పి తగ్గిందా అని ఆమె అడుగుతుంటే, తప్పు మాట్లాడతానేమోనన్న భయంతో నేను నవ్వుతూ కూర్చున్నాను. చెప్పాల్సినవన్నీ నాకు తెలుసు. ఒక్కటీ చెప్పలేదు. రెండేళ్లకు ఆమె పోయింది. ఆ మౌనం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఇల్లు మారినా ఇంకొక చిక్కు మిగులుతుంది. నువ్వు స్పానిష్‌ను ఇంగ్లీషు గుండా చేరుకుంటున్నావు. "సెర్, ఎస్తార్ ఎప్పటికీ తేలవు" అన్నావు. ఇంగ్లీషులో రెంటికీ "బీ" అన్న ఒకే మాట కాబట్టి అటునుంచి చూస్తే తేలవు. తెలుగునుంచి చూడు. "నేను విద్యార్థినిని", "మాది అనంతపురం" అంటాం. "ఉండు" అవసరమే లేదు. అక్కడ సెర్, అంటే "సోయ్". "ఇంట్లో ఉన్నాను", "అలసిపోయి ఉన్నాను" అన్నచోట ఎస్తార్, అంటే "ఎస్తోయ్". ఇంకా చక్కని సంగతి చెబుతాను. ఒక పిల్ల చూడచక్కనిదైతే "ఆమె అందంగా ఉంటుంది" అంటాం, అదే "ఎస్ గ్వాపా". పండక్కి పట్టుచీర కట్టుకున్నరోజు "ఈ రోజు ఎంత అందంగా ఉందో" అంటాం, అది "ఎస్తా గ్వాపా". స్వభావానికి ఒకటి, ఆనాటి స్థితికి ఒకటి. నీ నోట ఈ తేడా చిన్నప్పుడే పడింది. అన్నిచోట్లా ఈ లెక్క సరిపోదు, సరిపోనివి విడిగా నేర్చుకో.

"మే గుస్తా" కూడా అంతే. "మే గుస్తా ఎల్ కఫే" అంటే నాకు కాఫీ నచ్చుతుంది. మామిడిపళ్లయితే నచ్చుతాయి, అక్కడా "గుస్తాన్" అవుతుంది. "నేను" అని మొదలుపెట్టి నువ్వు తడబడేది ఇంగ్లీషు అలవాటువల్లే. పలుకు కూడా మనకు దగ్గరే. త, ద లను తెలుగులో పలికినట్టే పలుకు, ట, డ లు చేయకు. "పెరో" అంటే కానీ, "పెర్రో" అంటే కుక్క. గుర్రంలోని "ర్ర" పలకగల నీకు ఇది కష్టం కాదు. ఏ అచ్చు మీద ఒత్తి పలకాలో మాత్రం జాగ్రత్త, మన భాషలో దానితో అర్థం మారదు. "ఆబ్లో" అంటూ మొదటి అచ్చు మీద ఒత్తితే "నేను మాట్లాడతాను", చివరి అచ్చు మీద ఒత్తితే "అతను మాట్లాడాడు".

రోజూ పొద్దున ప్లాసా మయోర్ పక్కనున్న మార్కెట్‌కు వెళ్లు. పళ్ల అంగడి ముందు జనం వరుసలో కనిపించకపోవచ్చు. వచ్చినవాళ్లు "కియెన్ ఎస్ ఎల్ ఉల్తిమో?", చివర ఎవరని అడుగుతారు. నువ్వూ అడుగు. ఎవరో "నేను" అంటారు, వాళ్ల తర్వాత నీ వంతు. నిలబడ్డ పది నిమిషాలూ పక్కవాళ్ల మాటలు విను. పావుకిలో ద్రాక్ష కొన్నా చాలు, కానీ వేలితో చూపించి కొనకు.

మధ్యాహ్నం రెండు దాటాక తింటారు, తిన్నాక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటారు. దాన్ని "సోబ్రెమెసా" అంటారు. నువ్వు పళ్లెం కడిగేసి గదిలోకి పోవద్దు. అర్థం కాకపోయినా అక్కడే కూర్చో, అడ్డుపడి అడుగు. ఇంటావిడ తనను "తూ" అనమంటే అను. పెద్దవాళ్లను నువ్వు అనడానికి మనకు నోరు రాదని నాకు తెలుసు. అయితే మనం నువ్వు అనే దానికంటే వాళ్లు "తూ"ను చాలా విరివిగా వాడతారు. ఆమె చనువిస్తే పట్టుబట్టి "ఉస్తెద్" అనడం దూరం పెట్టినట్టవుతుంది.

మాకు రోజూ వీడియో కాల్ చేయకు, ఆదివారం చాలు. మీ అమ్మకు నేను చెబుతాను, బెంగ పెట్టుకుంటే నేనే పక్కన కూర్చుంటాను. అక్కడ చలి బాగా ఎక్కువంటున్నారు, మందపాటి కోటు కొనుక్కో, డబ్బు గురించి ఆలోచించకు.

ఈ నెలాఖరులోగా ఇల్లు మారి కొత్త చిరునామా పంపు. ఆ జాబు స్పానిష్‌లో రాయి. తప్పులున్నా నేను చదువుకుంటాను.

ఇట్లు,
నీ అత్త