వికాస అధ్యయనం: సిద్ధాంతాలు, పద్ధతులు

సంజ్ఞానాత్మక వికాసానికి దశల వారీ రూపమిచ్చింది స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజె (1896–1980). తన ముగ్గురు పిల్లలను పసితనం నుంచే గమనిస్తూ ఆయన వివరంగా రాసి పెట్టుకున్నారు. ఆయన పరీక్షల్లో ప్రసిద్ధమైనది నీళ్ల ప్రయోగం. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో నీళ్లు సమానంగా పోసి, ఒకదానిలోని నీళ్లను కళ్లెదుటే సన్నని పొడవాటి గ్లాసులోకి ఒంపితే, నాలుగైదేళ్ల పిల్లలు అందులోనే నీళ్లు ఎక్కువంటారు. మట్టం పెరిగిందని చూస్తారే తప్ప గ్లాసు సన్నదన్న సంగతి వారికి తట్టదు. ఏడెనిమిదేళ్లకు ‘తిరిగి పోస్తే సమానమే కదా’ అనగలుగుతారు. మొదటిది పూర్వ ప్రచాలక దశ, రెండోది మూర్త ప్రచాలక దశ. వీటికి ముందు ఇంద్రియ చాలక దశ, తర్వాత అమూర్త ప్రచాలక దశ ఉంటాయి.

వైగాట్‌స్కీ (1896–1934) సమాజం పాత్రకు పెద్దపీట వేశారు. సొంతంగా చేయగలిగినదానికీ, తెలిసినవారి సాయంతో చేయగలిగినదానికీ మధ్య ఉన్నదే సామీప్య వికాస మండలం. ఉపాధ్యాయులకు ఇంతకన్నా పనికొచ్చే భావన అరుదు. ఎరిక్‌సన్ మనోసాంఘిక వికాసంలో 8 దశలు, కోల్‌బర్గ్ నైతిక వికాసంలో 3 స్థాయిలు, 6 దశలు చెప్పారు.

ఇక అధ్యయన పద్ధతుల విషయానికొస్తే, వేర్వేరు వయసుల వారిని ఒకేసారి పోల్చేది అడ్డుకోత పద్ధతి. త్వరగా ముగుస్తుంది కానీ, కనిపించిన తేడా వయసు వల్లనా, పుట్టిన కాలం వల్లనా అన్నది తేలదు. అవే వ్యక్తులను ఏళ్ల తరబడి పరిశీలించేది అనుదైర్ఘ్య పద్ధతి. ఖర్చెక్కువ, మధ్యలో కొందరు తప్పుకుంటారు. అయినా ఒకే వ్యక్తిలో వచ్చే మార్పును నేరుగా చూపగలిగేది ఇదే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సుమారు 3,000 మంది పిల్లల ఎదుగుదలను ఈ పద్ధతిలోనే నమోదు చేస్తూ వచ్చింది.