పసి నక్షత్రాలు – రేడియో తరంగాలు



పుష్యమాసం రాత్రి గవర్నర్‌పేటలో హాస్టల్ మేడ ఎక్కితే, వీధి దీపాల వెలుగులోనూ గొల్లకావడి కనిపిస్తుంది. దానికి కాస్త పడమరగా పిల్లలకోడి. పిల్లలకోడి ఉన్న వృషభరాశిలోనే, సుమారు 400 కాంతి సంవత్సరాల దూరంలో, వాయువు, ధూళి నిండిన మేఘాలలో ఇప్పటికీ నక్షత్రాలు పుడుతున్నాయి.

మరి అవి కంటికెందుకు కనిపించవు? ధూళి కాంతిని అడ్డుకుంటుంది. రేడియో తరంగాలు పొడవైనవి కనుక ఆ ధూళిని దాటి వస్తాయి. కృష్ణ మీద మంచు కమ్మితే పడవ కనిపించదు గాని, పడవవాని కేక వినిపిస్తుంది. ఇదీ అంతే.

పసి నక్షత్రం చుట్టూ పళ్లెంలాంటి ధూళి చక్రం తిరుగుతుంది. అందులోని పదార్థం కొంత నక్షత్రంలో పడుతుంది, కొంత ధ్రువాల వైపు ధారలుగా చిమ్ముతుంది. ఆ ధారల్లో ఎలక్ట్రాన్లు ప్రోటాన్ల పక్కగా పోతూ దారి మళ్లినప్పుడు రేడియో తరంగాలు వెలువడతాయి.

పూణే దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల వ్యాసం గల 30 డిష్‌లతో జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపు ఉంది. దాని నిర్మాణానికి సారథి ప్రొఫెసర్ గోవింద్ స్వరూప్. 2014లో వెలువడిన పరిశోధనలో, డి.జి. టౌరి అనే పసి నక్షత్రపు ధారలో దాదాపు కాంతివేగంతో పోయే ఎలక్ట్రాన్ల జాడలు ఈ టెలిస్కోపుకే చిక్కాయి. అదే ఏడాది చిలీలోని ఆల్మా టెలిస్కోపు హెచ్.ఎల్. టౌరి చుట్టూ ఉన్న ధూళి చక్రంలో వలయాలను స్పష్టంగా చూపింది.

దాదాపు 460 కోట్ల ఏళ్ల క్రితం మన సూర్యుడూ ఇలాగే పుట్టాడు. మన డెల్టా మట్టి కూడా ఒకప్పుడు అలాంటి చక్రంలోని ధూళే!

ఈ పరిశోధనకు కావలసినవి లెక్కలు, భౌతికశాస్త్రం, ఓపిక. మూడూ మన స్టడీ అవర్‌లో నేర్చుకోదగినవే.